మీకు తెలుసా? బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఎందుకు వెలుగుతుంది!

పాత కార్లలో ఈ వింత చూసే ఉంటారు. బ్రేకు తొక్కగానే వెనక బ్రేకు లైటు మసగ్గా వెలుగుతుంది, దాంతోపాటు పక్కనున్న ఇండికేటరూ కాస్త మినుకుమంటుంది. బల్బు మారుస్తారు, తగ్గదు. స్విచ్చి మారుస్తారు, తగ్గదు. తప్పు ఎర్తుది. కారులో బల్బు దాకా కరెంటు తెచ్చే తీగ ఒక్కటే. తిరిగి బ్యాటరీకి చేరడం బాడీ రేకు మీదుగానే. లైటును రేకుకు బిగించిన స్క్రూ కింద తుప్పు పట్టిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే. కరెంటు ఊరుకుంటుందా? పక్కనున్న ఇండికేటర్ బల్బులోకి వెనకనుంచి దూరి, దాని తీగ పట్టుకుని కారు ముందున్న ఇండికేటర్ దాకా వెళ్లి, అక్కడి ఎర్తులో దిగుతుంది. ఒకే కరెంటు ఇన్ని బల్బులు దాటాలి కాబట్టి అన్నీ గుడ్డిగానే వెలుగుతాయి. స్క్రూ విప్పి, రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరి.

ఇదే జబ్బు ఇంజను దగ్గరికి వస్తే పొగ కూడా వస్తుంది. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరులో కరెంటు పోదు. అందుకే ఇంజనునూ బాడీనీ కలుపుతూ ఒక ఎర్తు పట్టీ వేస్తారు. అది తెగిందనుకోండి, సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు చోక్ కేబులో, క్లచ్ కేబులో, ఏది దొరికితే దాంట్లోంచి పోతుంది. కేబుల్ కాలిపోతుంది. కాలిన కేబుల్ స్థానంలో కొత్తది వేసి పంపేస్తే అదీ కాలుతుంది. పట్టుకోవడం మాత్రం చాలా తేలిక. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులు దాటి బాగా ఎక్కువ చూపిస్తే ఎర్తు పట్టీ వైపు చూడాలి. సగం కార్లలో బ్యాటరీ మీద పడే నింద నిజానికి ఈ పట్టీదే అని నా అనుమానం.

మీటరు చేతిలో ఉండగానే ఇంకో రెండు అంకెలు. రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజను ఆడుతుంటే అది 13.8 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే కొత్త బ్యాటరీ కొన్నా దండగే, ముందు బెల్టు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ చూసుకోవాలి. అన్నట్టు, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మున్న ఎర్ర దీపం ఉత్తి హెచ్చరిక దీపమనుకునేరు. చాలా పాత ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు అందేది ఆ చిన్న బల్బు గుండానే. బల్బు మాడితే చార్జింగే మొదలు కాకపోవచ్చు. తాళం తిప్పగానే ఆ దీపం వెలగకపోతే సంతోషించకండి.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద ఆగిపోయి, అరగంట చెట్టునీడన నిలబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కారుది వేరే కథ. అనుమానితులు ఇద్దరు. ఒకటి ఇగ్నిషన్ కాయిల్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 20 వేల వోల్టుల పైకి ఎత్తే ఈ కాయిల్ లోపల పాడైతే, వేడెక్కాక చేతులెత్తేసి చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. రెండోది పెట్రోల్. 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌నే తీసుకోండి. కార్బొరేటర్ మోడళ్లలో పెట్రోల్ పంపు ఇంజనుకే అతుక్కుని ఉండేది. ఆ వేడికి పంపులోనే పెట్రోల్ ఆవిరైపోతుంది, ఆవిరిని తోడటం పంపు వల్ల కాదు. వెనకటి డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. ఇద్దరిలో ఎవరో తేలాలంటే కారు ఆగిన క్షణంలోనే చూడాలి, చల్లారాక చూస్తే ఇద్దరూ నిర్దోషులే. ప్లగ్గు ఒకటి విప్పి, తీగ తగిలించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. టపటపమని నీలం నిప్పురవ్వ వస్తే కాయిల్ బాగున్నట్టే, తడిగుడ్డ వెతుక్కోండి. చుట్టుపక్కల పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం ఈ పరీక్ష జోలికి పోవద్దు.

కాయిల్ కరెంటును కలిపి తెంపే పాయింట్లు కొత్తవి వేసిన కొద్ది రోజులకే మళ్లీ మాడి గుంటలు పడుతున్నాయా? పాయింట్లను కాదు, మెకానిక్కులు డెల్కో అనే డిస్ట్రిబ్యూటర్‌కు ఉన్న బొటనవేలంత కండెన్సర్‌ను అనుమానించాలి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య మంట లేవకుండా ఆపేది అదే.

ఇక ఇంజను సంగతి. సైలెన్సర్‌లోంచి నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది, నీలిపొగ వస్తే ఆయిల్ తాగుతోంది, వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగైతే రేడియేటర్ నీళ్లు తాగుతోంది. కంప్రెషన్ తగ్గిందని తేలితే ఇంజను విప్పకముందే ఒక చిన్న కిటుకు ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్లీ గేజీ పెట్టాలి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. ఈ రెండింటి ఖర్చుకూ చాలా తేడా ఉంది, కాబట్టి బేరానికి ముందే ఈ పరీక్ష అడగండి.

కంప్యూటరున్న కార్లయితే తమ జబ్బు తామే చెప్పుకుంటాయి. అమెరికాలో కొత్త కార్లన్నిటికీ ఆ జబ్బు చదివే ఓబీడీ-2 అనే ఒకే రకం సాకెట్టు తప్పనిసరి అయింది 1996 మోడళ్లతో. అంతకుముందు కంప్యూటరున్న కార్లు దీపం ఆర్పుతూ వెలిగిస్తూ తమ గోడు చెప్పుకునేవి. అప్పటి సుజుకీ కార్లలో పరీక్ష సాకెట్టులోని రెండు పిన్నులను కలిపితే చెక్ ఇంజను దీపం ఒకసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిసేది. అది 12, అంటే అంతా క్షేమం. కాకపోతే కంప్యూటర్‌కు తెలిసేది తనకు తీగ కలిపిన భాగాల సంగతే. అరిగిన రింగుల గురించి దాన్నడిగితే 12 అనే చెబుతుంది.

వీటిలో ఏది చూడబోయినా, తీగలు విప్పే పని ఉంటే ముందు బ్యాటరీ ఎర్తు టెర్మినల్ తీయండి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించండి. పాజిటివ్ ముందు విప్పుతుంటే, స్పానర్ జారి బాడీకి తగిలిందా, మంటలే.