ఇంటి తుపాకికి గురిచూపు

తెలుగులో 'గురి' అనే మాటకు రెండర్థాలు వాడుకలో కలవు. గురువు మీద గురి అంటే నమ్మకం. బాణానికి గురి అంటే లక్ష్యం. ఉర్దూలో తుపాకి గొట్టం కొసన నిలిపిన చిన్న లోహపు పూసను 'మక్ఖీ' అంటారు, అనగా ఈగ. గురిచూపు సాధనానికి ఆ భాషలోనే 'దీద్‌బాన్' అనే మరొక పేరున్నది. 'దీద్' అనగా చూపు, 'బాన్' అనగా కాపరి. రాత్రి కావలి కాసేవానికి కూడ అదే పేరు. చూపును కాపాడేది, చూచి కాపాడేవాడు అనే రెండు భావాలు ఒక్క మాటలో ఇమిడి ఉండుట గమనింపదగినది. ఇంటి కాపుదలకు తుపాకి ఉంచుకున్నవారు దానికి ఎటువంటి గురిచూపు ఎన్నుకోవాలి అన్న ప్రశ్నకు సమాధానం ఈ మాటలోనే ఉన్నదని మా అభిప్రాయం.

తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ విషయంతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చు. దివిసీమలో మా మామూగారికి ఒక జోడుగొట్టాల పన్నెండు బోరు తుపాకి ఉన్నది. తండ్రిగారి కాలం నాటిది. లైసెన్సు మామూగారి పేర మారింది. ఆయనకు డెబ్బయ్యేళ్లు దాటినవి. ఒక వానాకాలపు రాత్రి కరెంటు పోయిన వేళ పశువులపాకలో అలికిడి అయింది. మామూగారు తుపాకి తీసి, తూటాలు నింపి, వసారాలో నిలబడి గురిపెట్టారు. గొట్టం కొసన మక్ఖీ ఆయన కంటికి ఆనలేదు. ఒక్క క్షణం తటపటాయించి "ఎవరది?" అని కేకవేశారు. "నేనే దాదా!" అని పాకలోనుండి జవాబు వచ్చింది. విజయవాడలో చదువుకుంటున్న మనుమడు ఆఖరి బస్సుకు దిగి, వానకు తడిసి, పెరటిదారిన పాకలోకి చేరినాడు.

మరునాడు మామూగారు మాతో అన్న మాట ఇది: "మక్ఖీ కనబడలేదు బేటా. చీకట్లో కూడ కనబడే మంచి సైటు ఏదన్నా ఉంటే కనుక్కొని చెప్పు." విద్యార్థి దశలో ఎన్.సి.సి.లో పేల్చిన కొద్ది తూటాలు తప్ప మాకు ఈ విద్యలో ప్రవేశం లేదు. తెలిసినవారిని అడిగి, చదివి, మేము గ్రహించినది ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆత్మరక్షణకు గాని క్రీడకు గాని 20 అంగుళాలకు తగ్గని పొడవుగల నున్నని గొట్టపు తుపాకికి, పంట కాపుదలకు ముందునుంచి మందుకూరే తుపాకికి ఆ చట్టం ప్రత్యేకంగా చోటిచ్చింది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. లైసెన్సు కాలం మూడేళ్ల నుండి అయిదేళ్లకు పెరిగింది. 2016 నియమావళి భద్రతా శిక్షణను, ఆయుధాన్ని పదిలంగా దాచుతామనే హామీపత్రాన్ని కోరుతున్నది. తుపాకికి మరమ్మతు చేయుటకు కూడ లైసెన్సు కావాలి. కనుక సైటు మార్పించదలచినవారు ఊరి కమ్మరి వద్దకు గాక లైసెన్సు గల మరమ్మతుదారు వద్దకే పోవలెను.

ఇక గురిచూపు పనిచేసే విధానం చూద్దాం. రైఫిలు, పిస్తోలు వంటివాటికి సాధారణంగా రెండు సైట్లుంటాయి. వెనుక సైటులో ఒక గాడి, ముందు సైటుగా ఒక మేకు. గాడి నడుమ మేకు, మేకు కొసన లక్ష్యం. ఈ మూడూ ఒకే వరుసలో నిలవాలి. అయితే మానవనేత్రం ఒకసారికి ఒక దూరాన్ని మాత్రమే తేటగా చూడగలదు. అందుచేత శిక్షకులు ముందు సైటును తేటగా చూడమని, తక్కిన రెండింటి మసకను సహించమని నేర్పుతారు. నలభై దాటి చత్వారం వచ్చిన కంటికి ఇదే కష్టం. ముందు సైటు కూడ మసకబారుతుంది. జోడుగొట్టాల తుపాకికి వెనుక సైటు ఉండదు. గొట్టాల మధ్య పట్టీ, దాని కొసన పూస, అంతే. అక్కడ కన్నే వెనుక సైటు.

రెండవది రంధ్రపు సైటు. వెనుక గాడికి బదులు చిన్న రంధ్రం ఉంటుంది. కాగితంలో సూదితో బెజ్జం చేసి దానిగుండా చూస్తే చత్వారం ఉన్నవారికి కూడ అక్షరాలు స్పష్టపడతాయి. విద్యార్థులు ఇంట్లో పెద్దలచేత ఈ ప్రయోగం చేయించి చూడవచ్చు. రంధ్రం చిన్నదైనకొద్దీ స్పష్టత పెరుగుతుంది, వెలుగు తరుగుతుంది. పగటిపూట మైదానంలో అది వరం. రాత్రి వసారాలో అది శాపం.

మూడవది దూరదర్శిని సైటు. దూరపు వస్తువును పెద్దదిగా చూపుతుంది, కాని చూపు వైశాల్యాన్ని కుదిస్తుంది. పది అడుగుల దూరంలోని మనిషి అందులో ఒక చొక్కా ముక్కగా మాత్రమే కనిపిస్తాడు. ఇంటి లోపల ఇది పనికిరాదు.

నాలుగవది రెడ్ డాట్ సైటు. దీనికి మూలమైన ప్రతిబింబ సైటును 1900లో డబ్లిన్ నగరపు టెలిస్కోపు నిర్మాత సర్ హోవర్డ్ గ్రబ్ రూపొందించాడు. నేడు ఒక చిన్న దీపపు కాంతి వంపు అద్దం మీద ప్రతిఫలించి, లక్ష్యం మీదనే ఎర్రచుక్క ఉన్నట్లు కనిపిస్తుంది. దగ్గరి వస్తువును చూడవలసిన శ్రమ లేదు. రెండు కళ్లూ తెరచి ఉంచవచ్చు. చత్వారపు కంటికి ఇది నిజంగా మేలైనది. కాని దానికి బ్యాటరీ కావాలి. తేమకు అద్దం మసకబారవచ్చు. చుక్క మరీ ప్రకాశిస్తే చీకటిలో దాని వెనుకనున్నదానినే కప్పివేస్తుంది. పాత జోడుగొట్టాల తుపాకికి దానిని బిగించుట కూడ తేలిక కాదు.

అయిదవది ట్రిటియం అనే వాయువు నింపిన వెలుగు సైటు. బ్యాటరీ లేకుండ చీకటిలో మెరుస్తుంది. దాని అర్ధాయువు 12 సంవత్సరాల పైచిలుకు. అప్పటికి దాని శక్తి సగమవుతుంది.

వీటిలో ఏది మేలు? దూరాన్ని బట్టి చూడాలి. మన ఇళ్లలో గుమ్మం నుండి ఎదుటి గోడకు ఆరు మీటర్లకు మించదు. తుపాకి మీద కన్ను నుండి పూసకు సుమారు ఒక మీటరు అనుకుందాం. చూపు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా ఆరు మీటర్ల దూరంలో తప్పు రెండు సెంటీమీటర్లకు లోపే. కాబట్టి అంత దగ్గరలో సూక్ష్మమైన సైటు అవసరం లేదు. అయితే పన్నెండు బోరు గుండ్లు వెదజల్లబడతాయి గనుక గురే అక్కరలేదనే నమ్మకం కూడ తప్పు. అవి గజానికి సుమారు ఒక అంగుళం చొప్పున మాత్రమే విస్తరిస్తాయి. గది దూరంలో అది పిడికిలంత దెబ్బ. తప్పిన గుండ్లు తాటాకు తడికెను, పలుచని తలుపును దాటిపోతాయి. తడికె అవతల పొరుగింటివారు నిద్రిస్తుంటారు.

విజయవాడవారమైన మనకు గురి అనగానే జ్యోతి సురేఖ గుర్తుకు వస్తుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె చేపట్టిన కాంపౌండు విల్లులో నారికి రంధ్రపు సైటు, ముందు పెద్దదిగా చూపే అద్దం ఉంటాయి. లక్ష్యం 50 మీటర్ల దూరం, పట్టపగలు, ఎదుట ఉన్నది కాగితపు వలయాలు మాత్రమే. అక్కడ ద్రోణుని పరీక్షలో అర్జునుడు చెప్పిన సమాధానమే సరియైనది: పక్షి కన్ను తప్ప మరేమీ కనబడరాదు. ఇంటిలో నడిరేయి అది సరియైన సమాధానం కాదు. అక్కడ పక్షి ఎవరిదో, చెట్టు ఎవరిదో, చెట్టు వెనుక ఎవరున్నారో, అన్నీ కనబడాలి.

దశరథుని కథ మనకు తెలిసినదే. ఆయన శబ్దభేది విద్యలో ఆరితేరినవాడు. రాత్రివేళ సరయూతీరంలో నీటి చప్పుడు విని, ఏనుగు అనుకొని బాణం వదిలాడు. గురి తప్పలేదు. కడవ ముంచుతున్న మునికుమారుడు కూలిపోయాడు. లోపం గురిలో లేదు, ఎరుకలో ఉన్నది. మెరిసే సైటులన్నింటికీ ఇదే పరిమితి. అవి గొట్టం ఎటు తిరిగి ఉన్నదో చెబుతాయి. ఎదుట ఎవరున్నారో చెప్పవు.

చట్టం కూడ ఈ ఎరుకనే కోరుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. రాత్రిపూట ఇంటికి కన్నం వేసినవాని విషయంలో ఆ హక్కు చాలదూరం పోతుంది. అయినను రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయరాదన్నది దాని హద్దు. అవసరమెంతో తెలియాలంటే ముందు ఎదుటివాడెవడో తెలియాలి.

పదకొండవ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ తన 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథంలో, చూపు కంటినుండి వెలువడే కిరణం కాదని, వస్తువు నుండి వెలుగు కంటికి చేరుటయే చూపు అని నిరూపించాడు. వెలుగు లేనిచోట ఎంత ఖరీదైన సైటైనా కన్నుకు ఏమీ అందించలేదు. కాబట్టి ఇంటి తుపాకికి మొదటి గురిచూపు దీపమే. ఆ దీపం కూడ తుపాకికి కట్టినది కారాదు. కడితే ఎవరినైనా చూచుటకు వారి మీదికి గొట్టం ఎత్తవలసి వస్తుంది. చేతిలో వేరుగా టార్చి, పెరటిలో కరెంటు పోయినా వెలిగే దీపం ఉండాలి. ఆ తరువాత రావలసినది సైటు. అది పెద్దది, తెల్లనిది, సులువైనది అయితే చాలు. వృద్ధుల కళ్లకు, తుపాకికి అమరే పక్షంలో, రెడ్ డాట్ మేలు.

ఇదంతా మామూగారికి విన్నవించాము. ఆయన పూర్తిగా ఒప్పుకొన్నారని చెప్పలేము. మక్ఖీకి తెల్లరంగు పూయించారు. పశువులపాక వద్ద, పెరటి తలుపు వద్ద బ్యాటరీ దీపాలు పెట్టించారు. తూటాలను వేరే పెట్టెలో వేసి తాళం వేశారు. బస్సు దిగగానే ఫోను చేయమని మనుమనికి గట్టిగా చెప్పారు. ఆ రాత్రి మక్ఖీ కనబడకపోవుట తుపాకి లోపమని ఆయన నేటికీ అంటారు. మేము ఎదురు చెప్పము. ఆ పిల్లవాడు ఈ ఏడు చివరి సంవత్సరం పరీక్షలకు చదువుకుంటున్నాడు.