ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నారా? టైల్స్ కంటే ముందు నీళ్ల లెక్క చూసుకోండి!

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో ఇంటి వెనకాల పూల్, పక్కనే పార్టీలకు సిట్‌అవుట్.. చాలామంది కల ఇదే. కానీ ఇక్కడ చాలాచోట్ల కాస్త తవ్వితే చాలు, గ్రానైట్ బండే. దాన్ని కొట్టించే ఖర్చు తడిసి మోపెడవుతుంది. సగం నేలపైకి లేపి కట్టుకోవడమే మేలు.

ఇక నీళ్లు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతంటే దాదాపు 22,600 లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు రావాలన్నమాట! మరి ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే? 2024 మార్చిలో బెంగళూరులో పూల్స్‌కు తాగునీరు వాడొద్దని నిషేధమే పెట్టారు, వాడితే 5 వేల ఫైన్. అందుకే మంచి ఫిల్టర్ పెట్టించి అవే నీళ్లు తిప్పుకోవాలి. వాడనప్పుడు కవర్ కప్పితే ఆవిరి తగ్గుతుంది. సిట్‌అవుట్ వాలు ఇంకుడు గుంత వైపు ఉండాలి, లేదంటే వానకు బురదంతా పూల్‌లోకే. చిన్నపిల్లలున్న ఇల్లయితే చుట్టూ కంచె, తాళం వేసే గేటు మొదటి ప్లాన్‌లోనే గీయించండి.