మరమ్మతుకు ముందు కొలత

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి ఊళ్లలో ‘మైనింగ్’ అనే మాట వినగానే ఎవరికైనా స్ఫురించేది బొగ్గుబాయి. మైనింగ్ సర్దార్ పనిస్థలాన్ని ముందుగా పరిశీలించి, మండే వాయువు చేరలేదనీ, పైకప్పు నిలకడగా ఉన్నదనీ నిర్ధారించిన తరువాతనే అక్కడ పని మొదలవుతుంది. పరీక్ష ముందు, పని వెనుక. ఇది బాయి నేర్పిన క్రమం. 2009లో బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం వ్యవహారంలోకి వచ్చిన తరువాత ఆ మాటకు మరొక అర్థం కూడా ఏర్పడింది. ఈ మైనింగ్‌లో తవ్వేది నేలను కాదు. నిర్ణీత లక్షణం గల ఒక సంఖ్య దొరికే వరకు యంత్రం లెక్క వెంట లెక్క వేస్తూ పోతుంది. దానిని ముందుగా కనుగొన్న యంత్రపు యజమానికి కొన్ని నాణేలు బహుమానంగా లభిస్తాయి. మొదట 50గా ఉన్న ఆ బహుమానం సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది.

తొలినాళ్లలో ఇంట్లోని సాధారణ కంప్యూటరే ఈ పనికి సరిపోయేది. పోటీ పెరిగి, 2013 నుంచి ఈ ఒక్క లెక్క కోసమే రూపొందించిన చిప్పులు వచ్చాయి. చైనాకు చెందిన బిట్‌మెయిన్ సంస్థ 2016లో విడుదల చేసిన యాంట్‌మైనర్ ఎస్9 వాటిలో పేరుపొందిన యంత్రం. అది సెకనుకు దాదాపు పదమూడున్నర లక్షల కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. అందుకు సుమారు 1300 వాట్ల విద్యుత్తును తీసుకుంటుంది, అనగా రోజుకు 31 యూనిట్లు. అటువంటి మూడు యంత్రాలు కలిస్తే అయిదు హార్స్‌పవర్ల బావి మోటారుకు దీటైన భారం. మోటారు పొలానికి నీరు పెడుతుంది. ఈ యంత్రం వేడిగాలిని, చెవులు హోరెత్తే ధ్వనిని వెలువరిస్తుంది.

రామగుండంలోని ఎన్టీపీసీ కేంద్రపు సామర్థ్యం 2600 మెగావాట్లు. మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి విద్యుత్కేంద్రానిది 1200 మెగావాట్లు. ఇంత విద్యుత్తు పుట్టే ప్రాంతమైనా, ఇక్కడి వినియోగదారుడు చెల్లించే ధరకు పాత ఎస్9 యంత్రాన్ని నడిపితే వచ్చే నాణెపు విలువ కంటె కరెంటు బిల్లే ఎక్కువ. మనదేశంలో ఇటువంటి నాణేల లావాదేవీలపై లాభానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను కూడా ఉన్నది. కాబట్టి ఇంట్లో యంత్రం పెట్టి ధనవంతులు కావచ్చునని ఆశపెట్టే మాటలను విద్యార్థులు ముందుగా గుణకారం చేసి చూడడం మంచిది. అయితే యంత్రాన్ని నడపడం వేరు, బాగుచేయడం వేరు. 2021లో చైనా ఈ మైనింగ్‌ను నిషేధించడంతో యంత్రాలు అమెరికాకు, కజకిస్తాన్‌కు తరలిపోయాయి. వాటి వెంట మరమ్మతు పనీ తరలింది. ధర పడిపోయిన పాత బోర్డు చేయి తిరగని వానికి మంచి అభ్యాస సామగ్రి. దానిమీద అబ్బిన నేర్పు ఇన్వర్టరుకు, టీవీకి, సోలార్ పంపు నియంత్రణ పెట్టెకు కూడా పనికివస్తుంది.

ఈ నేర్పుకు మూలసూత్రం పాత టీవీ, రేడియో మరమ్మతు దుకాణాలలోనే ఉన్నది. బల్ల మీద చెక్క పలకకు ఒక ప్లగ్గు, దానితో వరుసగా కలిపిన నూరు వాట్ల బల్బు ఉండేవి. దానినే సిరీస్ బోర్డు అంటారు. చెడిన పరికరాన్ని నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించక, మెకానిక్ ముందు దీనికి తగిలిస్తాడు. పరికరంలో షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. లేకపోతే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. షార్టు ఎంత తీవ్రమైనదైనా ఆ బల్బు గుండా అర ఆంపియరును మించి ప్రవహించదు గనుక పరికరం మరింత కాలిపోదు. తంతువు గల పాత బల్బుకే ఈ గుణం ఉన్నది. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. తెలియని దోషానికి పూర్తి శక్తిని అప్పగించరాదన్నదే ఆ పలకలోని శాస్త్రం.

ఎస్9 వంటి యంత్రానికి బల్ల సిద్ధం చేసేటప్పుడు ఆ బల్బు స్థానంలో వోల్టేజీని, కరెంటును రెంటినీ మనమే నిర్ణయించగల విద్యుత్ సరఫరా పరికరం చేరుతుంది. యంత్రంలోని మూడు హ్యాష్ బోర్డులలో ఒక్కొక్కటి పూర్తి పనిలో 12 వోల్టుల వద్ద సుమారు 36 ఆంపియర్లను తీసుకుంటుంది. అంతటి ప్రవాహం షార్టయిన చోటికి చేరితే క్షణంలో రాగి దారులు మాడిపోతాయి. కాబట్టి తొలి పరీక్షలో కరెంటును ఒకటి రెండు ఆంపియర్లకు పరిమితం చేస్తారు. అంతకు ముందే, విద్యుత్తు లేకుండా, మల్టీమీటరుతో నిరోధాన్ని కొలిచి షార్టు ఉన్నదో లేదో చూస్తారు. మిల్లీవోల్టులను స్పష్టంగా చూపే మీటరే కావాలి. ఆ మీటరు నిజం చెబుతున్నదా అన్నది కూడా తేల్చుకోవలసిన విషయమే. కొత్త బ్యాటరీ సెల్లును కొలిచి ఒకటిన్నర వోల్టుకు కాస్త పైన చూపితే దానిని నమ్మవచ్చు.

బల్లకు మంచి ఎర్తింగ్ తప్పనిసరి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వేసవి గాలిలో తేమ మిక్కిలి తక్కువ. అట్టి పొడి గాలిలో ఒంటి మీద చేరే స్థిరవిద్యుత్తు ఎక్కువ. మనకు చిటుక్కుమని కూడా అనిపించని ఆ విసర్జన సున్నితమైన చిప్పును చంపగలదు. అందుకే మణికట్టుకు పట్టీ కట్టుకొని, దానిని పది లక్షల ఓముల నిరోధం ద్వారా ఎర్తుకు కలుపుతారు. ఆ నిరోధం బోర్డు కోసం కాదు, మనిషి కోసం. పొరపాటున చేయి కరెంటు తీగకు తగిలినా, ప్రాణాపాయమయ్యేంత విద్యుత్తు ఒంటి గుండా ఎర్తుకు పోకుండా అది ఆపుతుంది. సోల్డరింగ్ పొగను బయటికి నెట్టే ఫ్యాను, బోర్డు మీదికి గాలి కొట్టే ఫ్యాను కూడా ఉండాలి. గాలి లేకుండా బోర్డును పూర్తి పనిలో ఉంచితే అది తన వేడికి తానే బలి అవుతుంది.

ఇక బోర్డు నిర్మాణం. ఎస్9 హ్యాష్ బోర్డు మీద 63 చిప్పులుంటాయి. వాటిని మూడేసి చొప్పున 21 గుంపులుగా విభజించి, గుంపులను వినాయకచవితి పందిట్లోని సీరియల్ బల్బుల వలె ఒకదాని తరువాత ఒకటి కలిపారు. మొత్తం గొలుసుకు తొమ్మిదికి అటూ ఇటుగా వోల్టులు అందుతాయి; ఒక్కొక్క గుంపు వాటాకు వచ్చేది సుమారు 0.43 వోల్టు. మీటరుతో ఒక్కొక్క గుంపును కొలుస్తూ పోయినప్పుడు అన్నీ దాదాపు సమానంగా ఉంటే గొలుసు ఆరోగ్యంగా ఉన్నట్లు. ఒక గుంపు వద్ద సున్నా కనబడి, మిగిలినవి కొద్దిగా పెరిగి ఉంటే ఆ గుంపులో షార్టు ఉన్నట్లు. మొత్తం వోల్టేజీ మాత్రం మారదు. దానినొక్కదానినే కొలిచి తృప్తిపడేవాడికి ఈ దోషం ఎన్నడూ దొరకదు.

విద్యుత్తు సరిగా అందినా చిప్పులు పలుకకపోవచ్చు. గడియార సంకేతం, ఆజ్ఞల సంకేతం మొదటి చిప్పు నుంచి అరవై మూడవ చిప్పు వరకు చేతులు మారుతూ సాగుతాయి; జవాబులు చివరి చిప్పు వైపు నుంచి మొదటి దానికి తిరిగి వస్తాయి. పరీక్షా పరికరం, అనగా మెమరీ కార్డులోని ప్రత్యేక ప్రోగ్రాంతో నడిచే నియంత్రణ బోర్డు, జవాబు ముందే తెలిసిన లెక్కలను పంపి ఎన్ని చిప్పులు సరిగా బదులిచ్చాయో లెక్కిస్తుంది. ఇరవై చిప్పులే బదులిస్తే ఇరవై, ఇరవై ఒకటవ చిప్పుల మధ్య అనుమానం కలుగుతుంది. ఒక్కటీ పలుకనప్పుడు మాత్రం అరవై మూడింటినీ వరుసగా తడమనక్కరలేదు. ముందుకు సాగే సంకేతాన్ని ముప్పై రెండవ చిప్పు వద్ద చూడాలి. అక్కడికి చేరితే దోషం ఆవల, చేరకపోతే ఈవల. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. రెండును ఆరుసార్లు గుణిస్తే 64 గనుక, ఆరు కొలతలలో సంకేతం తెగిన చోటు తేలిపోతుంది. బోర్డు తెచ్చినవాడు ఎదుట కూర్చొని ఉన్నప్పుడు ఆరు కొలతలకూ, అరవై కొలతలకూ గల భేదం మెకానిక్కుకు బాగా తెలుస్తుంది.

సంకేతపు ఆకారాన్ని చూడడానికి ఆసిలోస్కోపు వాడినప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. గొలుసులో పైకి పోయేకొద్దీ ఒక్కొక్క గుంపు ‘నేల’ కింది గుంపు కంటె ఎత్తులో ఉంటుంది. గోడ ప్లగ్గుతో నడిచే ఆసిలోస్కోపు క్లిప్పు సాధారణంగా ఎర్తుకు కలిసి ఉంటుంది. సరఫరా పరికరపు ఋణధ్రువం కూడా ఎర్తుకు కలిసి ఉన్నప్పుడు, క్లిప్పును పై గుంపు నేలకు తగిలిస్తే మధ్యనున్న గుంపులన్నీ షార్టవుతాయి. దోషాన్ని వెదకబోయి దోషాన్ని సృష్టించడమంటే ఇదే. అందుచేత క్లిప్పును ఋణధ్రువానికే ఉంచి, రెండు చోట్ల కొలిచి తేడాను లెక్కకట్టడం క్షేమకరం.

తీగలు కలిపే క్రమం కూడా అటువంటిదే. ముందు ఋణధ్రువం, తరువాత ధనధ్రువం, చివర సంకేతపు కేబులు. విప్పేటప్పుడు తలకిందులుగా, సంకేతపు కేబులు మొదట, ఋణధ్రువం చివర. ఋణధ్రువం లేనప్పుడు ధనధ్రువం నుంచి వచ్చిన కరెంటు తిరిగి పోవడానికి సన్నని సంకేతపు తీగలను దారిగా ఎంచుకొని, అక్కడి చిన్న చిప్పులను కాల్చివేస్తుంది. తొందరలో ఈ క్రమం తప్పినవారికి, బాగుచేయవలసిన దోషం ఒకటి ఉండగా మరొకటి తోడవుతుంది.

చెడిన చిప్పును వేడిగాలి యంత్రంతో తొలగించి, కొత్తది అతికించి, వేడిని గ్రహించే అల్యూమినియం పలకను తిరిగి అమర్చిన తరువాత పరీక్షా పరికరం ‘సరే’ అన్నంతమాత్రాన పని పూర్తి కాదు. చల్లగా ఉన్నప్పుడు అంటుకొని ఉండే సోల్డరు పగులు వేడికి విచ్చుకొని సంకేతాన్ని తెంచవచ్చు. అందువలన బోర్డును అసలు యంత్రంలో బిగించి, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతుండగా కొన్ని గంటలపాటు పని చేయించి, చిప్పుల సంఖ్యను, ఉష్ణోగ్రతను గంట గంటకూ పుస్తకంలో రాస్తారు. ఎండ 45 డిగ్రీలు దాటే రామగుండం మధ్యాహ్నంలో ఈ పరీక్ష మరింత కఠినమవుతుంది. జనవరి ఉదయం గట్టెక్కిన బోర్డు మే నెలలో మళ్లీ అదే బల్ల మీదికి వస్తే, అప్పుడు తెరవవలసింది పెట్టెను కాదు, ముందు ఆ పుస్తకాన్ని.