పెట్టుబడి మీది... కొట్టు ఎవరిది?

ఒమన్‌లో సొంత వ్యాపారం పెట్టాలనుకునే మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులు

ఒమన్‌లో పది పన్నెండేళ్లు పనిచేసిన మనవాళ్లలో చాలామందికి ఏదో ఒకరోజు ఓ ఆలోచన వస్తుంది. 'ఇంకెంతకాలం ఒకరికింద చాకిరీ? చిన్న కొట్టు పెట్టుకుంటే పోలా!' సెలూన్‌లో కత్తెర పట్టిన కరీంనగర్ కుర్రాడికైనా, గ్యారేజీలో పనిచేసే కడప మెకానిక్‌కైనా, లాండ్రీలో ఇస్త్రీ చేసే గోదావరి జిల్లాల మనిషికైనా ఇదే ఆశ. ఆశలో తప్పేమీ లేదు. చేతిలో పని ఉంది. నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు. తెలిసిన గిరాకీ ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి చెవిలో వేస్తారు. 'లైసెన్సు కఫీల్ పేరు మీద తీయిద్దాం. నెలనెలా ఇంత అని ఆయన చేతిలో పెడితే చాలు. మిగతాదంతా నీదే.'

ఆ 'మిగతాదంతా నీదే' అన్న మాటలో నిజమెంత? మేము ఇక్కడ చెప్పదలచుకున్నది దాని గురించే.

ఒక లెక్క చూద్దాం

రువీలోనో, బర్కాలోనో, సోహార్‌లోనో ఒకాయన 8 వేల రియాళ్లు పెట్టి చిన్న కొట్టు తెరిచాడనుకుందాం. అందులో కొంత దాచుకున్నది, కొంత ఊళ్లో అప్పు చేసింది. అద్దె అడ్వాన్సు, కుర్చీలు, అద్దాలు, ఏసీ, బోర్డు అన్నీ ఆయన డబ్బుతోనే వచ్చాయి. ఇప్పుడు కాగితాలు చూడండి. వాణిజ్య రిజిస్ట్రేషన్ కఫీల్ పేరు మీద ఉంది. బలదియాలో నమోదైన అద్దె ఒప్పందం కఫీల్ పేరు మీదే. బ్యాంకు ఖాతా ఆయనదే. కొట్టులో పనిచేసే కుర్రాళ్ల వీసాలూ ఆయన కిందే. 8 వేలు పెట్టిన మనిషి కాగితం మీద ఎవరు? ఆ కొట్టులో ఒక పనివాడు. అంతే.

కఫీల్ మంచివాడే కావచ్చు. కానీ ఆయన కాలం చేస్తే కొట్టు వారసులకు వెళుతుంది. వాళ్లకు మీ మధ్య జరిగిన నోటిమాట తెలియదు. తెలిసినా ఒప్పుకోవాలని లేదు. వ్యాపారం బాగా నడిచినా కష్టమే. నెలకు 100 తీసుకున్న చెయ్యి 200 అడిగితే కాదనడానికి మీ దగ్గర ఏముంది? గొడవపడితే వీసా రద్దు చేసి ఇంటికి పంపే అధికారం కూడా ఆ చేతిలోనే ఉంది.

ఒకప్పుడు గల్లాపెట్టె మీ చేతిలో ఉండేది కాబట్టి కనీసం రోజువారీ నగదు మీదన్న ధీమా ఉండేది. ఇప్పుడు అదీ తగ్గింది. 2022 జనవరి 1 నుంచి కిరాణా, హోటళ్లు, కూరగాయలు, ఎలక్ట్రానిక్స్, బంగారం వంటి వ్యాపారాల్లో కార్డు చెల్లింపు సదుపాయం తప్పనిసరి చేశారు. గిరాకీ కార్డు ఆనిస్తే డబ్బు వెళ్లేది లైసెన్సు ఉన్నవారి ఖాతాకు. అంటే రోజంతా మీరు అమ్మినది కూడా ముందు వేరొకరి ఖాతాలో పడి, వారు ఇస్తేనే మీ చేతికి వస్తుంది.

రాసుకున్న కాగితమే ఎదురుతిరిగితే...

'మేం కాగితం రాసుకున్నాం' అని కొందరు ధైర్యంగా చెబుతుంటారు. ఆ కాగితంలో ఏముంటుంది? లైసెన్సు ఆయనది, వ్యాపారం నాది అని. ఒకరి పేరు మీద ఇంకొకరు చాటుగా వ్యాపారం చేయడాన్ని ఒమన్‌లో 'తిజారా ముస్తతిరా' అంటారు. అంటే ముసుగు వ్యాపారం. దీన్ని అడ్డుకోవడానికి వాణిజ్య, పరిశ్రమల, పెట్టుబడుల ప్రోత్సాహక శాఖ 2023లో ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది. జరిమానాలతోపాటు రిజిస్ట్రేషన్ పోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళితే హక్కు రుజువు కావడం అటుంచి, చట్టం తప్పిన సంగతి మీరే రుజువు చేసినట్టవుతుంది.

ఉద్యోగం వీసా మీద ఉంటూ వేరేచోట సొంత పని చేసుకునేవారికి మరో చిక్కు. కార్మిక చట్టం ప్రకారం మీ పతాకా ఎవరి కింద ఉందో వారి దగ్గరే పనిచేయాలి. 'ఆజాద్ వీసా', 'ఫ్రీ వీసా' అని ఏజెంట్లు అమ్మేదానికి చట్టంలో చోటు లేదు. తనిఖీలో దొరికితే కొట్టుతోపాటు మనిషీ పోతాడు.

చట్టం తెరిచిన దారి

మస్కట్‌లో భారతీయుల వ్యాపారం నిన్నమొన్నటిది కాదు. కచ్ నుంచి వచ్చినవారు నెలకొల్పిన ఖీమ్‌జీ రామ్‌దాస్ సంస్థ 1870 నుంచీ ఉంది. అయితే కూలీనాలీ చేసుకునే మనవాళ్లకు చట్టబద్ధమైన దారి చాలాకాలం మూసుకునే ఉంది. 1994 నాటి విదేశీ పెట్టుబడి చట్టం ఒమనీ భాగస్వామి కావాలనేది. మామూలుగా కనీస మూలధనం లక్షన్నర రియాళ్లు చూపాలనేది. అంత డబ్బు మనలో ఎవరి దగ్గరుంటుంది? కఫీల్ పేరు మీద కొట్లు పెట్టే అలవాటు అందుకే పాతుకుపోయింది.

2019లో పరిస్థితి మారింది. ఆ ఏడాది వచ్చిన కొత్త వాణిజ్య కంపెనీల చట్టం ఒక్క మనిషే యజమానిగా ఉండే కంపెనీకి వీలు కల్పించింది. అదే ఏడాది 50/2019 నంబరు రాజాజ్ఞతో వచ్చిన విదేశీ పెట్టుబడి చట్టం 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది. లక్షన్నర రియాళ్ల నిబంధన పోయింది. అనుమతి ఉన్న వ్యాపారాల్లో నూటికి నూరుశాతం వాటా విదేశీయుడి పేరు మీదే ఉండొచ్చు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. విదేశీయులు చేయకూడని వ్యాపారాల జాబితాను 2020లో ప్రకటించారు. 2024లో దాన్ని ఇంకా పెంచారు. బట్టలు కుట్టడం, లాండ్రీ, వాహనాల మరమ్మతు, సెలూన్, టాక్సీ, తాగునీటి రవాణా, టైపింగు, ఫొటోకాపీ, అనువాదం, మనుషుల సరఫరా... ఇలా సాగుతుంది ఆ జాబితా. మనవాళ్లకు చేతనైన పనుల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి! ఆ పనులను ఒమనీలకు కేటాయించారు. కాబట్టి ఈ రంగాల్లో 'సొంత కొట్టు' అంటూ ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే, అది ముసుగు వ్యాపారమేనని అర్థం చేసుకోండి. ఆ పనిలో జీతానికి ఉండొచ్చు. పెట్టుబడి మాత్రం పెట్టకండి.

మీరు అనుకున్న వ్యాపారం ఆ జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఏజెంటు మాట అక్కర్లేదు. ఒమన్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో గానీ, దగ్గర్లోని సనద్ కేంద్రంలో గానీ అడగొచ్చు. జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు కట్టబోయే ముందు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

సొంత పేరు మీద పెడితే

అనుమతి ఉన్న వ్యాపారమైతే రెండు దారులున్నాయి. ఒక్కరే అయితే ఏకవ్యక్తి కంపెనీ. ఇద్దరు ముగ్గురు కలిస్తే పరిమిత బాధ్యత కంపెనీ, అంటే ఎల్ఎల్‌సీ. ఒమనీ భాగస్వామితో కలిసినా తప్పులేదు. కానీ మీ వాటా ఎంతో రిజిస్ట్రేషన్ పత్రంలోనే ఉండాలి. బ్యాంకు ఖాతాలో సంతకం చేసే అధికారం ఎవరిదో స్పష్టంగా రాయించుకోవాలి. కోర్టులో చెల్లేది అరబీ ప్రతి. ఇంగ్లిషులో ఒకటి, అరబీలో ఇంకొకటి రాసిన ఒప్పందాలతో మోసపోవడం తేలిక. మీకు తెలిసిన అనువాదకుడితో అరబీ ప్రతిని చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఉద్యోగం వీసా నుంచి ఇన్వెస్టర్ వీసాకు మారడం కూడా లెక్కలో ఉండాలి.

ఖర్చులు రాసుకునేటప్పుడు అద్దె, జీతాలు, సరుకుతో ఆగిపోవద్దు. కంపెనీ లాభం మీద సాధారణంగా 15 శాతం పన్ను ఉంది. చిన్న సంస్థలకు షరతులకు లోబడి 3 శాతం. 2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం వ్యాట్ వచ్చింది. ఏడాదికి 38,500 రియాళ్ల అమ్మకాలు దాటితే వ్యాట్ నమోదు తప్పనిసరి. ఇది లాభం లెక్క కాదు, అమ్మకాల లెక్క. రోజుకు సుమారు 105 రియాళ్లు అమ్మితే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. విదేశీ పెట్టుబడితో నడిచే సంస్థ మొదటి ఏడాది తర్వాత కనీసం ఒక ఒమనీకి ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన కూడా 2025లో వచ్చింది. ఆ జీతం మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ఇవన్నీ పోను మీకు ఇప్పుడు వస్తున్న జీతం కన్నా ఎక్కువ మిగులుతుందా? మిగలకపోతే ఆ కొట్టు వద్దు.

ఖాళీ చెక్కు... నిండా ముప్పు

ఎల్ఎల్‌సీలో యజమాని బాధ్యత ఆయన వాటా వరకే అంటారు. నిజమే. కానీ చెక్కు సంగతి వేరు. ఒమన్‌లో చెల్లని చెక్కు ఇవ్వడం క్రిమినల్ నేరం. కంపెనీ అప్పుల్లో పడినా చెక్కు మీద సంతకం పెట్టిన మనిషే జవాబు చెప్పుకోవాలి. సరుకు వేసేవాళ్లకీ, కొట్టు యజమానికీ తేదీ వేయని చెక్కులు, అంకె రాయని చెక్కులు రాసిచ్చే అలవాటు మానుకోవాలి. బాకీ కేసు కోర్టుకెక్కితే దేశం దాటకుండా ఆంక్ష కూడా పడొచ్చు. ఇంట్లో పెళ్లి ఉన్నా, చావు ఉన్నా కదలడానికి ఉండదు. స్నేహితుడి అప్పుకు పూచీ సంతకం పెట్టేవారికీ ఇదే హెచ్చరిక.

డబ్బు ఎక్కడినుంచి?

ఒమన్‌లో చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ ప్రోత్సాహం ఒమనీలను ఉద్దేశించింది. మనకు బ్యాంకు ఇచ్చేది జీతం చూసి ఇచ్చే వ్యక్తిగత అప్పు. దాన్ని తీసి కొట్టులో పెడితే రెండువైపులా ఇబ్బందే. ఉద్యోగం మానగానే జీతం ఆగుతుంది. అప్పు మాత్రం ఆగదు. గ్రాట్యుటీ బ్యాంకు బాకీకే పోయే అవకాశం ఉంది.

గదుల్లో నడిచే చిట్టీలు ఇంకో దారి. లైసెన్సు లేకుండా జనం దగ్గర డబ్బు వసూలు చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. పాట పాడినవాడు రాత్రికి రాత్రి విమానం ఎక్కితే మీరు వెళ్లి ఫిర్యాదు చేయడానికీ భయమే. ఇక ఊళ్లో వడ్డీ అప్పు. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది. 5 లక్షలకు నెలకు 15 వేలు, ఏడాదికి లక్షా 80 వేలు. అంటే 36 శాతం. ఆ వడ్డీ కట్టి మిగిలే చిన్న వ్యాపారం అరుదు.

మొదటి పెట్టుబడి సొంతంగా కూడబెట్టిందైతేనే నిద్రపడుతుంది. ఆ కూడబెట్టినదాన్ని హుండీలో కాకుండా బ్యాంకు ద్వారా ఎన్ఆర్ఈ ఖాతాకు పంపండి. రేపు ఊళ్లో బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు మీ పదేళ్ల కష్టానికి సాక్ష్యం ఆ ఖాతా పుస్తకమే.

కొట్టు ఊళ్లోనే పెడితే?

ఒమన్‌లో మూసుకుపోయిన సెలూన్, గ్యారేజీ, లాండ్రీ దారి జగిత్యాలలో, రాజంపేటలో, అమలాపురంలో తెరిచే ఉంది. అక్కడ మీ పేరు మీద బోర్డు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

2015లో మొదలైన ముద్ర పథకం కింద శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు పూచీకత్తు లేని రుణాలు ఉన్నాయి. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో రాయితీ కూడా పెట్టారు. 2022లో దాని పరిమితిని తయారీ యూనిట్లకు 50 లక్షలకు, సేవారంగానికి 20 లక్షలకు పెంచారు. ఆ నిబంధనల ప్రకారం పల్లెలో 10 లక్షల యూనిట్ పెడితే జనరల్ వర్గం వారు లక్ష రూపాయలు సొంతంగా పెట్టుకోవాలి. రాయితీ రెండున్నర లక్షలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు సొంత వాటా 50 వేలే, రాయితీ మూడున్నర లక్షలు. మిగతాది బ్యాంకు అప్పు. రాయితీ సొమ్ము మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ పథకం కొత్త యూనిట్లకే. ముందు కొట్టు తెరిచి తర్వాత దరఖాస్తు పెడితే పనికిరాదు. సెలవుపై ఊరెళ్లినప్పుడే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, అప్పటి నిబంధనలు అడిగి తెలుసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుం లేదు. అందుకు డబ్బు అడిగేవారిని నమ్మొద్దు.

తిరిగొచ్చిన ప్రవాసుల కోసం కేరళలో నోర్కా ద్వారా 30 లక్షల వరకు ప్రాజెక్టులకు 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల రాయితీతో ఓ పథకం తెచ్చారు. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఇలాంటిదే గట్టిగా అడగాలని మా మాట.

డబ్బు తీసే ముందు

ఎవరు ఎంత ఆశ పెట్టినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ వ్యాపారం విదేశీయుడు చేయొచ్చా? రిజిస్ట్రేషన్ పత్రంలో నా పేరు ఉందా? కార్డు మీద వచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? నష్టం వస్తే ఎవరి చెక్కు పట్టుకుని ఎవరు వస్తారు? నాలుగింటికీ కాగితం మీద జవాబు దొరికితేనే ముందుకు వెళ్లండి. ఇప్పటికే ఇరుక్కున్నవారు దాచుకోకుండా న్యాయవాదిని కలవండి. మస్కట్‌లోని మన రాయబార కార్యాలయం నిర్వహించే ఓపెన్ హౌస్‌లో కష్టం చెప్పుకోవచ్చు.

ఇంటి దగ్గర భార్యకు ఫోన్ చేసి 'సొంత కొట్టు పెట్టాను' అని చెప్పే రోజు ప్రతి ఒక్కరికీ రావాలి. ఆ కొట్టు రిజిస్ట్రేషన్ కాగితం ఫొటో తీసి ఆమెకు పంపితే, అందులో మీ పేరు కనిపించాలి.