సాప్‌-సీడీకి ముందు వైకుంఠపాళి

పిల్లలూ, మీరు ఫోన్‌లో ఆడే సాప్‌-సీడీ మన వైకుంఠపాళి నుంచి వచ్చిందే. ఇంట్లో నాయనమ్మని అడగండి. ఆ పటంలో నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు దుర్గుణాల, రాక్షసుల పేర్లు ఉంటాయి. గవ్వలేసి, ఎక్కుతూ జారుతూ పైనున్న వైకుంఠం చేరాలి.

మనల్ని ఏలిన ఇంగ్లీషువాళ్ళు 1890ల్లో దీన్ని తమ దేశంలో అచ్చేసి అమ్మారు. వైకుంఠం తీసేసి పొదుపు నిచ్చెన, సోమరితనం పాము అంటూ తమ నీతులు పెట్టారు. తర్వాత ఆ మాటలూ పోయి అంకెలే మిగిలాయి. పచ్చీసును మార్చి 1896లో లూడో అని పేటెంటే తీసుకున్నారు!

ఆట చిన్నదే, కానీ గడిలో పేరు రాసేది ఎవరు? అలాస్కాలోని ఇనుపియాట్ జనం 2014లో తమ పెద్దల కథతో, తమ భాషలోనే కథ చెప్పే ‘నెవర్ అలోన్’ వీడియోగేమ్ తెచ్చారు. మన కామాఠిపురకు ఆ పేరొచ్చింది తెలుగునాట నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు, రోడ్లు కట్టిన కామాఠీ కూలీల వల్ల. సినిమాల కామాఠిపురలో వాళ్ళు కనిపించడం తక్కువే.

తల్లిదండ్రులకు ఒక మాట: ఈ సెలవుల్లో పిల్లలతో మన గల్లీ పటం గీయించండి. చాల్ మెట్లు, నల్లా దగ్గర జగడం, బోనాలు, ఊరి ప్రయాణం అన్నీ రానివ్వండి. ఏది పాము, ఏది నిచ్చెన అనేది వాళ్ళనే తేల్చుకోనివ్వండి. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతగింజలు చాలు.