లింకుల కట్టలో తెగిన పోగు: మైక్రో బీఎఫ్‌డీ అమరిక

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం వంటి ఓడరేవులో బెర్తు, సరకుల యార్డు, గేటు ఎడంగా ఉంటాయి. అక్కడ రెండు రౌటర్ల నడుమ నాలుగు ఫైబర్ లింకులను ఒకే కట్టగా అమర్చినట్లు భావిద్దాం. వాటిలో ఒకటి మధ్యలో తెగినా, దారిలోని మీడియా కన్వర్టర్ కాంతిని పంపుతూనే ఉంటే రౌటరుకు పోర్టు సజీవంగానే కనబడుతుంది. ఎల్‌ఏసీపీ నెమ్మది విధానంలో 30 సెకన్లకొక సందేశం వెళుతుంది. లోపం తేలడానికి 90 సెకన్ల వరకు పడుతుంది. వేగ విధానంలోనూ 3 సెకన్లు. అంతవరకు ఆ లింకుకు కేటాయించిన ప్రవాహాలన్నీ నష్టమే. క్రేను నియంత్రణ సంకేతాలు అందులో ఉంటే పని నిలిచిపోతుంది.

కట్ట మొత్తానికి ఒకే బీఎఫ్‌డీ సెషన్ చాలునని తోచవచ్చు. చాలదు. దాని ప్యాకెట్లు సాధారణంగా హ్యాష్ ఎంచిన ఒక్క లింకులోనే సాగుతాయి. తక్కిన మూడూ పరీక్షకు అందవు. ఆ ఒక్కటే తెగితే మాత్రం, మూడు బాగున్నా రౌటింగ్ పొరుగు సంబంధం కూలిపోవచ్చు. ఇది మొదటి లోపం కన్నా చెడ్డది.

2014లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 7130 ప్రతి సభ్య లింకుకు విడిగా మైక్రో బీఎఫ్‌డీ సెషన్‌ను నిర్దేశించింది. యూడీపీ గమ్యపోర్టు 6784. ఇరుకొసలలోనూ దీనిని అమర్చాలి. అంతరం 300 మిల్లీసెకన్లు, గుణకం 3 అయితే సుమారు 900 మిల్లీసెకన్లలో లోపం తెలిసి, ఆ లింకు మాత్రమే భార పంపిణీ నుండి తొలగుతుంది. కనీస లింకుల సంఖ్యను కూడా నిర్ణయించాలి. లేకుంటే మిగిలిన ఒక్క లింకుపై భారమంతా పడినా రౌటర్ ప్రత్యామ్నాయ మార్గం వెతకదు. అంతరాన్ని మరీ తగ్గించాలన్న ఆశ సహజమే గాని, బీఎఫ్‌డీ ప్యాకెట్లను రౌటర్ ప్రధాన ప్రాసెసరే చూస్తున్నట్లయితే పనిఒత్తిడి వేళ బాగున్న లింకులు సైతం తెగినట్లు నమోదవుతాయి.