కాంటూరు లెక్కన కొల్లేరు

కొల్లేటి గట్టు ఎక్కడుందో చూపించమంటే కైకలూరు వాళ్ళకే కష్టం. ఆ సరస్సుకి గట్టు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగి వచ్చిన రోజుల్లో రోడ్డు పక్క చేల దాకా నీళ్ళే. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే చోట బురద ఎండి బీటలు తీసి ఉంటుంది, గేదెలు మేస్తుంటాయి. అందుకని ఇక్కడ కొల్లేటి హద్దును దూరంతో కాక ఎత్తుతో చెబుతారు. టీకొట్టు దగ్గర నిలబడిన మామూలు రైతు కూడా ‘మా చెరువు ఐదో కాంటూరులో పోయింది’, ‘మాది మూడో కాంటూరు పైన ఉందండి’ అని సర్వేయరులా మాట్లాడతాడు. సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు దాకా నీరు నిలిస్తే ఎంత నేల మునుగుతుందనేదే ఆ లెక్క. మూడో కాంటూరు దాకా అయితే 135 చదరపు కిలోమీటర్లు, ఐదు దాకా అయితే 308, పది దాకా అయితే 901. ఐదో కాంటూరు దాకా ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. హద్దును మూడో కాంటూరుకి దించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఆ తగవు ఇంకా తెగలేదు. ఇక్కడ దాని గురించి ఇంతకంటే చెప్పను.

నేను చెప్పదలచింది ఈ కాంటూరు లెక్కతో ఇంకో పని కూడా జరుగుతుందని. కొల్లేటి చుట్టూ ఉన్న చరిత్రను చూడాలన్నా దీన్నే పట్టుకుని నడవాలి. ఇటలీలో గార్దా సరస్సుకి వెళ్ళినవాళ్ళకి సిర్మియోనే అనే ఊళ్ళో 13వ శతాబ్దం నాటి కోట నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కనిపిస్తుంది. కోట, గుడి, సత్రం అన్నీ ఒడ్డు మీదే. పడవెక్కి ఒక చుట్టు చుడితే యాత్ర అయిపోతుంది. కొల్లేరు అలా దొరకదు. లోతు లేని సరస్సు కాబట్టి నీరు ఏడాదిలో ఎన్నో మైళ్ళు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాని పక్కన శాశ్వతంగా ఏదైనా కట్టాలనుకున్నవాడు దిబ్బనో, మెరకనో, కొండనో వెతుక్కోవాల్సిందే. ఎంత పైకి వెళితే అంత పాత కాలం అనేంత చక్కగా పేర్చి ఉండదు గానీ, దాదాపు ఆ వరసలోనే ఉంటుంది.

అన్నిటికన్నా పల్లం ఆటపాక. కైకలూరుకి ఆనుకునే ఉంది, అందరూ చూసేదీ అదే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలకొద్దీ చేరి గూళ్ళు కట్టుకునే చెరువు. నీళ్ళలో తుమ్మచెట్లు చాలకపోతే అటవీశాఖ వాళ్ళు ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, పక్షులు వాటినీ కాదనలేదు. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తల, మెడ మొత్తం దూర్చి గొంతులో ఉన్న చేపను లాక్కుని తినడం మొదటిసారి చూసినవాళ్ళు, తల్లే పిల్లను మింగేస్తోందేమోనని కంగారుపడతారు. ఈ ప్రాంతపు గూడబాతుల సంగతి పుస్తకాలకెక్కింది ఆటపాకతో కాదు. మలయాళీ పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే పల్లెలో ఇళ్ళ మధ్య చెట్ల మీద పెద్ద గూడబాతుల కాలనీని చూసి రాశారు. ఆ కాలనీ ఇప్పుడు లేదు.

అక్కడి నుంచి కొన్ని అడుగులు పైకి, లంకలోకి వెళితే కొల్లేటికోట. పేరుకి కోటే గానీ గోడ ఒక్కటి కనిపించదు. పెద్దింట్లమ్మ గుడి ఉంది. విప్పారిన కళ్ళతో కూర్చున్న పెద్ద విగ్రహం. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. జలదుర్గకీ గోకర్ణేశ్వరుడికీ కల్యాణం చేస్తారు. కోళ్ళు, మొక్కుబళ్ళు, వంటపాత్రలు సర్దుకుని నాలుగు వైపుల నుంచీ జనం దిగుతారు. ఏళ్ళ తరబడి సర్కారు కాలువ దాటడానికి పంటే దిక్కు. జాతర రోజున ఆ పంటు మీద మనిషికీ మోటారు సైకిలుకీ మేకకీ మధ్య బెత్తెడు సందు ఉండేది కాదు. లంక గ్రామాల్లో వలలు వేసి, మావులు పెట్టి బతికే వడ్డి కులంవాళ్ళకి ఈమె ఇంటి ఇలవేల్పు. కొత్త దోనె నీళ్ళలో దించినా, చేపల పట్టుబడి మొదలెట్టినా ముందు అమ్మవారికి దండం పెట్టాల్సిందే.

ఈ లంక మీద ఒడ్డె (ఒరియా) గజపతుల కోట ఉండేదని పాత కథ. ఆంగ్లేయుల కాలంలో జిల్లా చరిత్రలు రాసినవాళ్ళు కూడా దాన్ని ఎక్కించుకున్నారు. కోటను పట్టడానికి వచ్చిన శత్రువు ఒడ్డున చిగురుకోట దగ్గర దండు దించాడు. చుట్టూ నీళ్ళు, గుర్రాలు నడవవు, ఏనుగులు దిగబడతాయి. చూసి చూసి అతనొక ఉపాయం పన్నాడు. సరస్సు నీటిని సముద్రంలోకి మళ్ళించేలా కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. నీరు దిగిపోతే కోట బయటపడుతుంది. ఇక దారి లేక ఒడ్డె సేనాని సొంత కూతుర్ని దేవతలకి బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకి పేరంటాళ్ళ కనమ అనే పేరు నిలిచింది. చిగురుకోట ఈనాటికీ ముదినేపల్లి మండలంలో ఊరే. కాలువ కథలోది ఉప్పుటేరు. కొల్లేటి నీరు ఇప్పటికీ దాని వెంటే సుమారు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది.

బలి సంగతి ఎలా ఉన్నా ఈ కథ అల్లినవాళ్ళకి కొల్లేటి నైజం బాగా తెలుసు. ఈ కోటకి గోడ నీరే, కాబట్టి దాన్ని కూల్చడానికి ఫిరంగి అక్కర్లేదు, పార చాలు. ఇటలీలో కొల్లేటికి దగ్గరి చుట్టమని చెప్పదగ్గది గార్దా కాదు, ట్రాసిమెనో. అదీ లోతు లేని సరస్సే, దాంట్లోనూ లంకలూ చేపలు పట్టేవాళ్ళూ ఉన్నారు. దానికి సహజంగా బయటికి పోయే దారి లేదు. వరద ముంపు భరించలేక 1421లో పెరూజా పాలకుడు బ్రాచ్చో కొండ కింద నుంచి సొరంగం తవ్వించాడు. అది చాలక 1898లో ఇంకోటి తవ్వారు. ఇలాంటి సరస్సు పక్కన కాపురముండే వాళ్ళ గొడవ ఎక్కడైనా ఒకటే: నీటిని ఎంత ఉంచాలి, ఎంత పంపించాలి.

కైకలూరుకి దక్షిణాన కలిదిండి. ఈ ఊరికి రావలసినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. వేంగి రాజు రాజరాజనరేంద్రుడు అనగానే మనకి నన్నయ, భారతం, రాజమహేంద్రవరం గుర్తొస్తాయి. ఆ రాజు సింహాసనం మీద ఎంత ఇబ్బందిగా కూర్చున్నాడో చెప్పే సాక్ష్యం మాత్రం కలిదిండి తామ్రశాసనంలో ఉంది. తల్లి చోళ ఆడపడుచు, భార్య రాజేంద్రచోళుడి కూతురు. సవతి తమ్ముడు విజయాదిత్యుడికేమో కర్ణాటక చాళుక్యుల అండ. వేంగి గద్దె కోసం ఆ రెండు పెద్ద రాజ్యాలూ ఈ గడ్డమీద తలపడ్డాయి. అల్లుడికి సాయంగా చోళుడు పంపిన సేనానులు ముగ్గురు కర్ణాటక సైన్యంతో పోరాడి చనిపోయారు. ఎవరి పక్షమూ గెలిచినట్టు గట్టిగా చెప్పలేని పోరు అది. రాజరాజనరేంద్రుడు ఆ ముగ్గురి పేరనా ఇక్కడ మూడు శివాలయాలు కట్టించి, వాటికి మాన్యాలు రాయించాడు. యుద్ధంలో పడిపోయిన పరదేశపు సేనానుల కోసం ఒక రాజు గుళ్ళు కట్టించడం, ఆ సంగతి రాగిరేకు మీద చెక్కించడం మన చరిత్రలో అరుదు. ఇప్పుడు కలిదిండికి వెళితే పాతాళ భోగేశ్వరస్వామి గుడి చూపిస్తారు. దారి పొడుగునా చేపల చెరువులు, ఎయిరేటర్ల చప్పుడు, ఐసు ముక్కలు కారుస్తూ కలకత్తా వైపు పోయే లారీలు. వెయ్యేళ్ళ కిందట చోళదేశం నుంచి వచ్చిన వాళ్ళు ఈ వరిచేల మధ్య ఎందుకు చచ్చిపోయారో చెప్పే బోర్డు కనీసం ఒకటి పెడితే బాగుంటుంది.

ఏలూరును తొందరగా దాటేస్తాను. గజ్జలవారి చెరువులో 74 అడుగుల బుద్ధుడున్నాడు. ఇక్కడి ఉన్ని తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకి వెళ్ళాయి. కృష్ణ నీళ్ళూ గోదావరి నీళ్ళూ ఈ ఊరి కాలువలోనే కలుస్తాయి. నవాబుల కాలంలో ఏలూరు కోటకి రాళ్ళు పెదవేగి శిథిలాల నుంచి తెచ్చారని పాత గెజిటీర్లు చెబుతాయి. అది నిజమైతే పెదవేగిలో మనకి పెద్దగా ఏమీ కనిపించకపోవడానికి ఒక కారణం దొరికినట్టే.

ఎందుకంటే పెదవేగి అంటే వేంగి. ఏలూరుకి ఉత్తరాన పన్నెండు కిలోమీటర్లు. అక్కడ దిగినవాడికి పామాయిల్ పరిశోధన సంస్థ, నవోదయ విద్యాలయం, మామిడితోటలు కనిపిస్తాయి. రాజధాని కనిపించదు. పురావస్తు శాఖ కంచె వేసిన దిబ్బలున్నాయి. 1980లలో తవ్వితే ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. అంతే. కానీ ఆ దిబ్బ మీద ఒక్క నిమిషం నిలబడి దక్షిణానికి తిరగండి. నేల కంటికి తెలియనంత మెల్లగా కొల్లేటి వైపు జారుతుంది. వరద రాదు, వెనక అడవి, ముందు సరస్సు, చుట్టూ పండే నేల. 4వ శతాబ్దంలో శాలంకాయనులు ఇక్కడే ఎందుకు కుదురుకున్నారో అప్పుడు అర్థమవుతుంది. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద వేంగి రాజు హస్తివర్మ పేరుంది. తరవాత విష్ణుకుండినులు, ఆ తరవాత 624 ప్రాంతంలో కుబ్జవిష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులు.

కుబ్జవిష్ణువర్ధనుడిని ఇక్కడ కూర్చోబెట్టింది అన్న రెండో పులకేశి. అతని విజయాలను 634లో ఐహోళె మేగుటి గుడి గోడ మీద కవి రవికీర్తి చెక్కించాడు. అందులో పిఠాపురం కోట పడిపోయిన సంగతి వెంటనే కునాళ సరస్సు మాట వస్తుంది: చచ్చిన వాళ్ళ నెత్తురుతో నీళ్ళు ఎర్రబడ్డాయని. ఆ కునాళం కొల్లేరేనని శాసన పండితుడు కీల్‌హార్న్ గుర్తించాడు. ట్రాసిమెనోకీ ఇలాంటి కథే ఉంది. క్రీ.పూ. 217లో హన్నిబాల్ పొగమంచులో రోమన్ సైన్యాన్ని సరస్సుకీ కొండకీ మధ్య ఇరికించి నరికేశాడు. అక్కడి వాగు నెత్తురై పారిందని చెప్పుకుంటారు. తేడా ఏమిటంటే అక్కడ ఆ యుద్ధం జరిగిన చోట్లన్నీ చూపిస్తూ నడిచే దారి వేసి బోర్డులు పెట్టారు. మన దగ్గర ఆ శాసనం చూడాలంటే కర్ణాటక వెళ్ళాలి.

ఇక కొండ. ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళితే గుంటుపల్లి గుహలు. ఈ యాత్రలో ఒక్కచోటికే వెళ్ళే వీలుంటే ఇక్కడికే వెళ్ళమంటాను. మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు భిక్షువుల గదులు, రాతిని తొలిచి తోరణాల్లా చెక్కిన గుమ్మాలు. ఇంకొంచెం నడిస్తే గుండ్రటి చైత్యగుహ. క్రీస్తు పూర్వపు పని. లోపలికి వంగి వెళ్ళి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, పైకి చూడాలి. కప్పు మీద నడిమి నుంచి అన్ని వైపులకీ గొడుగు కమ్మీల్లా రాతి వాసాలు దిగుతుంటాయి, వాటిని కలుపుతూ అడ్డ పట్టీలు. కొండను తొలిచిన గదికి వాసాలతో పనేముంది? పనేమీ లేదు. చెక్కినవాడికి తెలిసిన గుడి తాటాకు కప్పు వేసిన కర్ర పాక. రాతిలో గుడి తొలచమంటే తనకి తెలిసిన పాకనే వాసాలతో సహా చెక్కేశాడు. బిహారులో బరాబర్ కొండ మీద లోమశఋషి గుహ గుమ్మంలోనూ వడ్రంగి పని ఇలాగే రాయిగా మారింది. దక్షిణాదిలో ఈ రకం గుండ్రటి గుహ ఇంకోటి చూడాలంటే చాలా దూరం పోవాలి.

గుహ మధ్యలో స్తూపం ఉంది, దాని చుట్టూ ఒక్క మనిషి ఒరుసుకుంటూ ప్రదక్షిణ చేసేంత సందు. ఊరివాళ్ళకి ఆ స్తూపం ధర్మలింగేశ్వరస్వామి. పసుపు, కుంకుమ, దీపం అన్నీ జరుగుతాయి. కొందరు చరిత్రకారులు దీన్ని చూసి ముఖం చిట్లిస్తారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. పూజ ఆగకపోవడం వల్లే గుహ గొడ్లపాక కాకుండా నిలిచిందనిపిస్తుంది. పైన మెరకల మీద అరవైకి పైగా చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలున్నాయి, వెనక ఇటుక చైత్యపు పునాదులున్నాయి. ఇక్కడ దొరికిన శాసన స్తంభాల మీద ఖారవేలుడి వంశపు మహామేఘవాహన సిరిసద అనే రాజు పేరుంది. మండపం కట్టించింది మాత్రం రాజు కాదు, ఆయన దగ్గర లేఖకుడిగా పనిచేసిన చుళగోముడు. ఒక గుమాస్తా తన జీతంలోంచో సంపాదనలోంచో మండపం కట్టించి, అదే విషయం నాలుగు స్తంభాల మీదా రాయించుకున్నాడు. రాసే ఉద్యోగం కదా, ఆ మాత్రం ఉంటుంది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వేంగికి వచ్చినప్పుడు, ఊరికి దగ్గరలో ఒంటరి కొండ మీద రాతి స్తూపం ఉందనీ, బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు అక్కడ తర్కశాస్త్రం రాశాడనీ విని రాసుకున్నాడు. ఆ కొండ ఇదేనని చాలామంది ఊహ.

గుంటుపల్లి నుంచి దిగుతూ ద్వారకాతిరుమల ఎలాగూ దారిలోదే. అక్కడ మైలవరం జమీందారులు కట్టించిన గోపురమూ, గర్భగుడిలో ఒకటి నిండుగా, ఒకటి సగం వరకే కనిపించే రెండు మూల విగ్రహాలూ చూడదగ్గవి. ఇంకో రోజు మిగిలితే తూర్పుగా భీమవరం గునుపూడి సోమారామం, పాలకొల్లు క్షీరారామం పెట్టుకోవచ్చు. సోమారామంలో శివుడి పైఅంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుంది. శివుడి నెత్తి మీద అమ్మవారికి గుడి కట్టడం ఇంకెక్కడా నేను చూడలేదు.

పక్షుల కోసమైతే కార్తీకం నుంచి మాఘం దాకా రండి. పెద్దింట్లమ్మ జాతర కోసమైతే ఫాల్గుణంలో. గుంటుపల్లి కొండ ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కకండి, రాయి కాలిపోతుంది. భాద్రపదంలో వస్తే మాత్రం కైకలూరు నుంచి ఏలూరు రోడ్డు మీద పెద ఎడ్లగాడి వంతెన దగ్గర నీళ్ళు ఎక్కాయో లేదో ముందు కనుక్కోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు వచ్చినప్పుడు ఆ దారి మునిగింది. అలాంటప్పుడు గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా చుట్టు తిరిగి ఏలూరు చేరాలి.